యాకూబ్ బండి లైటు వెంట భూపాలపల్లికి

యాకూబ్‌కు కూతురు పుట్టిన మర్నాడే బస్సులు బంద్ అయ్యాయి. భార్య షాహీన్ పురిటికి భూపాలపల్లిలో తల్లిగారింట్లో ఉంది. యాకూబ్ జనగామలో బండ్లు బాగుచేస్తాడు, నేను ఆ పక్కనే బట్టల దుకాణంలో పనిచేస్తాను. రాష్ట్రం కోసం సమ్మెలూ రాస్తారోకోలూ జోరుగా సాగుతున్న రోజులవి. దానికితోడు పెట్రోలు దొరకడం కష్టమైంది. ఒంటరిగా పోతే ప్రతి ఊళ్లోనూ ఆపుతున్నారు. పాపను చూడకుండా నెల గడిచిపోయింది.

అప్పుడే ప్రభాకరన్న అనే నాయకుడు రాత్రిపూట మోటర్ సైకిల్ ర్యాలీ పెట్టాడు. జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి బొగ్గుగని కార్మికుల దీక్షా శిబిరం దాకా. పెట్రోలు వాళ్లే పోయిస్తారు.

"సదానందం, నువ్వు నా యెనక కూసో," అన్నాడు యాకూబ్. "మనం ఆఖరున ఉందాం. పరకాల దాటంగనే జర ముందుగాల పోయి బిడ్డను చూసుకుంట."

రాత్రి ఎనిమిదికి చౌరస్తా నుంచి బయలుదేరాం. ఆఖరున ఉండడం మాత్రం కుదరలేదు. యాకూబ్ తన బండికి పాత జీపు లైటు బిగించుకున్నాడు. అది వెలిగిందంటే ఎదురుగా వచ్చే లారీలు కూడా పక్కకు తప్పుకుంటాయి. ప్రభాకరన్న ఆ వెలుగు చూసి, "గీ బండి ముందుండాలె," అని మమ్మల్ని అందరికంటే ముందు నిలబెట్టి, పెద్ద జెండా నా చేతికిచ్చాడు. గాలికి ఆ జెండా యాకూబ్ ముఖానికి చుట్టుకుంటూ ఉంటే, పాలకుర్తి దాకా నేను ఒక చేత్తో జెండా, ఒక చేత్తో దాని అంచు పట్టుకుని కూర్చున్నాను.

పెద్దవంగరలో జనం రోడ్డు మీదే ఉన్నారు. ముందు బండి మాదే కాబట్టి యాకూబే నాయకుడనుకుని ముఖానికి గులాలు పూసి, దండ వేసి, మైకు చేతిలో పెట్టారు. వాడు దుకాణంలో గిరాకీలతోనే నాలుగు మాటలు మాట్లాడడు. కాసేపు మైకు వైపు చూసి, "నాకు బిడ్డ పుట్టింది. బస్సుల్లేక ఇంక చూడలే. రాష్ట్రం జల్ది వస్తె బస్సులు నడుస్తయి. జై తెలంగాణ," అన్నాడు. ఆ రాత్రి అన్ని ఊళ్లలో జరిగిన ఉపన్యాసాల్లో చప్పట్లు ఎక్కువ పడింది దీనికే. జనంలోంచి ఒక అవ్వ వచ్చి, "మరి ఈడ నిలవడ్డవేంది నాయినా, పో," అని వాడి వీపు మీద తట్టింది.

తొర్రూరులో చాయ్ తాగి, పదకొండు దాటాక మహబూబాబాద్ చేరాం. అక్కడ పులిహోర పొట్లాలు పంచారు. ప్రభాకరన్న నాలుగు బండ్లతో ముందు బయలుదేరుతూ, "నర్సంపేటల స్వాగతం ఏర్పాట్లు చూడాలె. మా యెనకనే రాండ్రి," అన్నాడు. ఆయన రైలు గేటు దాటాడో లేదో, గేటు పడింది. గూడ్సుబండి నింపాదిగా పోయింది. గేటు లేచేసరికి దూరంగా ఎర్ర లైట్ల వరస, "జై తెలంగాణ" అన్న కేకలు. యాకూబ్ ఆ వరసను పట్టుకున్నాడు. మా వెనక ర్యాలీ అంతా మా జెండాను పట్టుకుంది.

గూడూరు దారిలో కొంతదూరం పోయాక ఎర్ర లైట్లు మట్టిబాటలోకి తిరిగాయి. మేమూ తిరిగాం. ప్రభాకరన్న ఏదో అడ్డదారి పట్టాడనుకున్నాను. బాట ఒక తండాలో, పందిరి ముందు ఆగిపోయింది. ముందు బండి మీంచి దిగినవాడి తలకు బాసింగం ఉంది.

మేం అంతసేపూ వెంబడించింది పెళ్లివారిని. ఆ రోజుల్లో పెళ్లికి పోయేవాళ్లు కూడా జై తెలంగాణ అంటూనే పోయేవారు.

పెళ్లికూతురి తండ్రి భద్రూ నాయక్ మా వెనక ఇంకా వస్తూనే ఉన్న బండ్లను చూసి నీరుగారిపోయాడు. "పిల్లగానోళ్లు గింతమంది వస్తరని ముందుగాల చెప్పలే," అన్నాడు. పెళ్లికొడుకు వైపువాళ్లు మమ్మల్ని ఆడపిల్లవాళ్లనుకుని మర్యాదల కోసం ఎదురుచూస్తున్నారు. నేను విషయం చెప్పాను. ఆయన తండావాళ్లతో తమ భాషలో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. తర్వాత నావైపు తిరిగాడు.

"మీ బందుతోని మా బ్యాండోళ్లు రాలే. గిప్పుడు మీరే బ్యాండు."

కాదనడానికి మాకు ముఖం లేదు. ర్యాలీ అంతా వరసగా నిలబడి హారన్లు కొట్టింది. నినాదాలు దరువులోకి మారాయి. కాంపౌండర్ ఉద్యోగం చేసే మా ఊరి పెద్దమనిషి ఒకాయన కండువా నడుముకు కట్టుకుని ఎగిరాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"నీ లైటు మంచిగున్నది తమ్మీ," అన్నాడు భద్రూ నాయక్ యాకూబ్‌తో. "జర పందిట్లకు కొట్టు."

బండి ఆపితే లైటు ఆగిపోతుంది. అందుకని యాకూబ్ పందిరికి ఎదురుగా బండి మీద కూర్చుని, ముఖాన గులాలుతో, పెళ్లి అయ్యేదాకా రేజ్ చేస్తూనే ఉన్నాడు. వాడు కాస్త తగ్గిస్తే పెళ్లికూతురు చీకట్లో పడేది, పెద్దవాళ్లు అరిచేవారు. "పొద్దుగాల్ల బిడ్డ లేసేటాలకు పోదామనుకున్ననే," అని నాతో రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. పెళ్లికూతురు ఏడుస్తూ తండ్రి మెడ పట్టుకుంది, యాకూబ్ అటే చూస్తూ ఉండిపోయాడు.

మటన్ కూరా అన్నమూ ఉన్నంతలో అందరికీ సర్దారు. "నీ బిడ్డ పెండ్లికి తండ తండంత వస్తది, యాది పెట్టుకో," అన్నాడు భద్రూ నాయక్.

నర్సంపేటలో ప్రభాకరన్న దండలు పట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. ఏం జరిగిందో చెప్తే, "పెండ్లిల ఏం పెట్టిన్రు?" అని మాత్రం అడిగాడు.

పరకాల దాటేసరికి తెల్లవారుతోంది. చెల్పూర్ దగ్గర కరెంటు ప్లాంటు దీపాలు పొలాల మీదుగా కనిపించాయి. యాకూబ్ బండి నెమ్మది చేసి, "గీడ గింత కరెంటు పుడుతున్నది. తండల లైటు నేను పట్టుడేందిరా," అన్నాడు.

ఇంటి ముందు దిగగానే అత్తగారు ఖాజాబీ తలుపుకు అడ్డం నిలబడింది. "ఎవలు నువ్వు?" అంది మొదట. పోల్చుకున్నాక, "ముందుగాల తానం చెయ్యి. గా రంగుతోని పసిపిల్లను ముట్టుడు లేదు," అంది. షాహీన్ లోపలినుంచి నవ్వడం వినిపించింది. రెండు బకెట్ల నీళ్లు పోసుకుని వచ్చి, వాడు పాపను అందుకున్నాడు. చెవుల వెనక గులాలు ఇంకా ఉంది. పాప వాణ్ని చూసి తుమ్మింది.

"నన్ను గుర్తువట్టింది," అన్నాడు యాకూబ్.

"జలుబు పట్టింది," అంటూ అత్తగారు పాపను వెనక్కి లాక్కుంది.

శిబిరంలో మాట్లాడాలని ప్రభాకరన్న కబురు పంపితే యాకూబ్ పోలేదు. తాను అత్తగారింట్లోనే నాలుగురోజులుంటానని, బండి నాకిచ్చాడు. శిబిరంలో నాతోపాటు హన్మకొండ దాకా వస్తానన్న కార్మికుడు లింగయ్య దొరికాడు. అక్కను చూడడానికి పోతున్నాడు. గనిలో పనికి దిగి ఇరవై ఏళ్లు దాటిందట.

ఉద్యమం చూడడానికి పోయిన నేను ఒక రాత్రంతా జనం ఇళ్లలోకే తొంగిచూశానని తిరుగుదారిలో అనిపించింది. ఎవరిని కదిలించినా రాష్ట్రం మాట తర్వాత వచ్చేది ఇంటి మాటే. పెళ్లి, పురుడు, అక్క.

"సమ్మెల పొద్దు ఎట్ల పోతున్నదన్నా?" అని అడిగాను.

 "మంచిగనే పోతున్నది. పొద్దంత బయటనే ఉంటున్న. మా ఊర్ల గింత ఎండ కొడ్తదని నాకు యాదికే లేదు," అన్నాడు లింగయ్య.

 అద్దంలో చూస్తే, ఆయన కళ్లు మూసుకుని ముఖాన్ని ఎండకు పెట్టి కూర్చున్నాడు. నేను బండి నెమ్మది చేశాను.