టీ పిప్పి తిన్న మన్ను

నా భార్య పోయింది. తిరుగుబాటు వల్ల సర్కారు ఫోన్లు ఆపేసింది కాబట్టి, ఆ సంగతి బర్మాలో మేముండే పేట పబేడాన్‌లో ఇంటింటికీ నడిచి నేనే చెప్పాను. తలుపు తట్టి, చెప్పి, పక్క తలుపుకి వెళ్లాను. ఇంకా తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జ్వరంతో పోయింది. ఆసుపత్రికి తాళం వేసిన ఊళ్లో మామూలు జ్వరం చాలు.

ఆమెకి తోట లేదు. బాల్కనీలో రంగు పెచ్చులూడిన పాత బేసిన్, అందులో కరివేపాకు మొక్క. టీ కాచిన ప్రతిసారీ పిప్పిని ఆ మన్నులో కలిపేది. “మనం తాగినాక దానికీ ఇంత పెట్టాలి” అనేది. ఆ మన్ను నల్లగా, మెత్తగా ఉండేది.

మట్టి గురించి ఆమెకి పట్టింపు అలా మొదలైంది. నది వంతెన దాటితే వచ్చే తన్లిన్ ఊరి అవతల ఎత్తు గోడల ఆవరణ ఒకటి ఉండేది. రికార్డుల్లో అది రంగుల కార్ఖానా. గోడ లోపల యురేనియం శుద్ధి చేశారని తన్లిన్‌లో పిల్లలకీ తెలుసు. కార్ఖానా మూతపడ్డాక సర్కారు దొరలకి ఆ నేలని బాగుచెయ్యాలనిపించింది. పైమట్టి గీకి వెనక పోగుపోసి, పోగు మీద టార్పాలిన్ కప్పారు. గీకిన చోట ఎర్రమట్టి పరిచి గడ్డి నాటారు. ముందు భాగం పార్కు, పక్కన గోదాములు. మిగిలిన మూలని సమాధుల కోసం మా తెలుగు క్రైస్తవ సంఘానికి దానం చేశారు. మా పాత స్థలం నిండిపోయిందని వాళ్లకి తెలుసు.

పాస్టరు గారు సంతోషించారు. “ఊరికే ఇచ్చారమ్మా, ఒద్దంటే బాగుంటదా?” అన్నారు.

“ఊరికే ఇచ్చారంటే అందరూ ఒద్దన్నదే గదా, పాస్టరు గారూ” అంది ఆమె.

ప్రారంభం రోజు అధికారి ఒకాయన మైకు ముందు చాలాసేపు మాట్లాడాడు. నేల ఎంత శుభ్రమో చూపించడానికి అక్కడే గోంగూర పండించారట. బర్మావాళ్లకీ మనకీ ఆ కూరంటే ప్రాణం. తలా ఒక కట్ట పంచాడు, తను తీసుకోలేదు. మా ఆవిడ తన కట్టకి జడ రిబ్బను చుట్టి ముడేసి, బర్మా భాషలో ఎంతో మర్యాదగా, మీ ఇంట్లోవాళ్లకి అంటూ ఆయన కారు సీటు మీద పెట్టింది. ఆయన దండం పెట్టాడు.

మేం బస్సు కోసం నడుస్తుంటే గేటు పక్క కాలవలో ఆ కట్ట కనిపించింది. నీలం రిబ్బను ఇంకా ముడి వీడలేదు.

ఆమె వంగి చూసింది, తీయలేదు. “ఆడు తెలివితక్కువోడేమో అనుకున్నానండి. కాదు, ఆడికి తెలుసు” అంది. బస్సెక్కాక నా వైపు తిరిగింది. “ఆడు తిననిది సచ్చినోలకి కప్పుతాడేటి? నా మీద ఆ మన్ను ఎయ్యనీకండి.”

అలాగేనని మాటిచ్చాను.

ఆ తర్వాత మా ఇంట్లో దుమ్ముని చాప కిందికి తోసినా, గిన్నె సరిగా తోమకపోయినా దాని పేరు సర్కారు శుద్ధి. గరిటె మైకులా పట్టుకుని ఆ ఉపన్యాసం అప్పజెప్పేది. తిరుగుబాటు మొదలై వీధుల్లో ఇసుక బస్తాలు లేచాక, ఉపన్యాసాలిచ్చేవాళ్లు తుపాకులతో మాట్లాడటం మొదలుపెట్టారు. అప్పుడు గరిటె పక్కన పెట్టేసింది.

ఆమె పోయిన రోజు మిగతా శ్మశానాల దారులన్నీ మూసి ఉన్నాయి. అనుమతి ఆ ఒక్క చోటికే దొరికింది. ఇచ్చిన గుమాస్తా, అదృష్టవంతులు, కొత్త స్థలం అన్నాడు. కాగితం తీసుకుని వచ్చేశాను.

కరివేపాకు మొక్కని వేళ్లతో పెకలించి నీళ్ల బకెట్‌లో నిలబెట్టాను. బేసిన్‌ని మన్నుతో సహా ఒళ్లో పెట్టుకుని బండిలో శవపేటిక పక్కన కూర్చున్నాను. వంతెన దగ్గర సైనికుడు బండి ఆపాడు. మన్నులో వేళ్లు దూర్చి కెలికాడు. ఇదెందుకన్నాడు. సమాధికి అన్నాను. అక్కడ మన్ను లేదా అన్నాడు. లేదన్నాను.

మాలో పేటిక దించాక దగ్గరివాళ్లు తలా పిడికెడు మన్ను వేస్తారు. తవ్వి పోసిన ఎర్రమట్టి వైపు ఎవరి చెయ్యీ పోలేదు. అందరూ నా బేసిన్ దగ్గరికి వచ్చారు. మొదట వచ్చింది పాస్టరు గారు. చివరికి అడుగున మిగిలినదంతా నేను గుమ్మరించాను. ఆ పైన కూలీలు ఎర్రమట్టే పూడ్చారు, వాళ్లనేం అనగలను? ఆమె మీద ముందు పడింది మాత్రం ఆమె మన్నే.

ఈ పొద్దున టీ కాచుకున్నాను. వడకట్టి, అలవాటుగా బాల్కనీలోకి వెళ్లాను. బేసిన్ ఖాళీగా ఉంది. బకెట్‌లో మొక్క ఇంకా పచ్చగానే ఉంది. వేడి పిప్పి గుప్పిట్లో పట్టుకుని అది చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.