ఐదో రంగు

స్ఫూర్తి లేనిదే గోడకు రంగు ఎంచకూడదని ఇంటాయన సిద్ధాంతం. ఎండుటాకో, ఉల్లిపొట్టో, పావురం ఈకో తెచ్చి, ఒక కన్ను మూసి గోడకు ఆనించి చూస్తాడు. అలా నెలలో హాలుకు నాలుగు రంగులు మార్పించాడు. హాల్లోని సామానంతా వంటింట్లో కుక్కడంతో భార్య వరండాలో, గాలికి ఆరిపోయే స్టవ్వు మీద వండుతోంది. నిన్న వెనకనుంచి వచ్చి ఆమె శాలువా చెంగు పట్టుకున్నాడు. పాతికేళ్లలో ఎన్నడూ లేని చనువుకు ఆమె సిగ్గుపడింది. "కదలకు, రంగు దొరికింది," అంటూ చెంగు కత్తిరించి పెయింటరుకిచ్చాడు.

సాయంత్రానికి గోడ ఆరింది. ఇంటాయన పెదవి విరిచాడు. "వెలిసిపోయినట్టుందేమిటోయ్?" అన్నాడు పెయింటరుతో.

"శాలువా వెలిస్తేనే కదండీ ఆ రంగొచ్చింది," అంది భార్య.

"అయితే కొత్తలో ఏ రంగుండేది?"

"కొన్నది మీరే కదా, గుర్తు తెచ్చుకోండి," అని ఆమె స్టవ్వు వెలిగించడానికి వెళ్లిపోయింది.

ఇంటాయన ఒక కన్ను మూసి ఆలోచించాడు. కాసేపటికి రెండోదీ మూశాడు.