పాజ్ బటన్ ఉన్న మగాడు

దుర్గాశ్రీ గారికి టేప్ రికార్డరుతో పోట్లాడే అలవాటుంది. చెడిపోయిన టేప్ రికార్డరుతో ఎవరైనా పోట్లాడతారు, నెత్తిన రెండు తగిలిస్తారు కూడా. ఈవిడ శుభ్రంగా పాడే టేప్ రికార్డరుతో పోట్లాడతారు. అది ఒక లైను పాడుతుంది. ఈవిడ మోచేత్తో పాజ్ బటన్ నొక్కి నాలుగు లైన్లు వడ్డిస్తారు. మళ్లీ మోచేత్తో నొక్కి, "ఊఁ, ఇప్పుడేమంటావో అను" అంటారు. మోచెయ్యే ఎందుకంటే చేతుల నిండా పూతరేకుల పిండి.

ఈ సంగతి ఆత్రేయపురంలో అందరికీ వినోదమే గాని ఒక్క మనిషికి మాత్రం కడుపుమంట. ఆ మనిషి ఆవిడ భర్త, హైస్కూల్లో లెక్కలు చెప్పే సత్యప్రసాద్ మాస్టారు. అన్యాయం ఏమిటంటే, ఆ పాటగాణ్ణి చేజేతులా ఇంటికి తెచ్చింది కూడా ఆయనే.

రెండువేల మూడో సంవత్సరంలో మాస్టారు రావులపాలెం బస్టాండు దగ్గర తోపుడుబండి మీద భక్తిపాటల క్యాసెట్ ఒకటి కొన్నారు. భార్య పొద్దున్నే పొయ్యి ముందు ఒంటరిగా కూర్చుంటుంది కదా, నాలుగు మంచి పాటలు వింటుందని పాపం ఆయన ఉద్దేశం. డబ్బా మీద వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. డబ్బాలో ఎం.సి. సుడిగాలి అనే కుర్రాడున్నాడు. ర్యాప్ పాడతాడు. స్విచ్ వెయ్యగానే దబదబమని దరువు మోగింది, ఆ వెనకే అతగాడి గొంతు:

"నోరు మూయ్ పిల్లా, నడుమూపు పిల్లా, నా మాటే నీకు శాసనం పిల్లా!"

మాస్టారు లెంపలు వేసుకున్నారు. "ఛీ ఛీ, రేపే మార్చుకొస్తాను దుర్గా."

దుర్గాశ్రీ గారు చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని వింటున్నారు. వింటూ వింటూ మోచేత్తో బటన్ నొక్కారు. "శాసనమా? నీ మొహానికి మీసమైనా వచ్చిందిరా? పొద్దున లేచి నీ కంచం నువ్వు కడుక్కుంటున్నావా?" అని అడిగి, మళ్లీ నొక్కారు. తర్వాత భర్త వైపు తిరిగి, "ఉండనివ్వండి, బాగానే ఉంది" అన్నారు.

అలా ఉండిపోయాడు.

పూతరేకుల పని చూసినవాళ్లకి ఆ దరువు ఎందుకు నచ్చిందో తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట. జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచాలి, వేడి కుండ మీద ఒక్క లాగు లాగాలి, రేకు లేవగానే చిరక్కుండా తియ్యాలి. ముంచు, లాగు, తియ్యి. చెయ్యి ఒక్క లిప్త తడబడితే రేకు అప్పడమవుతుంది. సుడిగాలి దరువు సరిగ్గా ఆ లెక్కలో పడింది. ఆవిడా, పనిలో సాయానికి వచ్చే బేబీ కలిసి పూటకి రెండు వందల రేకులు తీసేది మూడు వందలు తియ్యసాగారు.

పక్కింటి అచ్చాయమ్మ గారు ఆగలేక ఓ రోజు అడిగేశారు. "ఏమే దుర్గా, ఆడదాన్ని పట్టుకుని అన్నేసి మాటలంటున్నాడు, ఎలా వింటున్నావే? సిగ్గుగా లేదూ?"

"దరువు బాగుంటుంది పిన్నిగారూ. వింటుంటే చెయ్యి దానంతటదే ఆడుతుంది."

"మరి ఆ మాటలో?"

"మాటలు చెత్తేనండి. అయినా అవి మనం ఇళ్లలో విననివా? మీ ఆయన అనలేదా? కాకపోతే ఇక్కడ ఆపే బటన్ ఉంది."

అచ్చాయమ్మ గారు కాసేపు ఆలోచించి, మర్నాటి నుంచి పీట తెచ్చుకుని వచ్చి కూర్చోసాగారు. వారం తిరక్కుండా, "ఆ బటన్ ఓసారి నన్నూ నొక్కనీవే" అన్నారు.

ఇదంతా వసారాలో పేపరు అడ్డం పెట్టుకుని వినే మాస్టారికి ఒళ్లు మండిపోయేది. వాడు ఆడవాళ్లని తిడుతున్నాడని కాదు. అది పైకి చెప్పే కారణం. అసలు కారణం ఏమిటంటే, పద్దెనిమిదేళ్ల కాపురంలో దుర్గాశ్రీ గారు తనతో ఒక్క పోట్లాటైనా, ఆయనకి గుర్తున్నంతలో, పెట్టుకోలేదు. ఏమన్నా "సరేనండి." ఎప్పుడన్నా "అలాగేనండి." తోటి మాస్టర్లు స్టాఫ్ రూములో, "నిన్న మా ఆవిడ నన్ను ఎడాపెడా దులిపేసిందండీ" అని మురిసిపోతూ చెప్పుకుంటుంటే ఈయన మొహం చిన్నబుచ్చుకుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవారు. దులపాలంటే ఎంత చనువుండాలి! ఆ చనువంతా వాడికి దక్కుతోంది.

లెక్కల మాస్టారు కదా, ఓ ఆదివారం కూర్చుని లెక్కపెట్టారు. ఆవిడ సుడిగాలితో మాట్లాడిన మాటలు వెయ్యిన్నూట నలభై. తనతో పదకొండు. అందులో నాలుగు "సరేనండి"లే.

పైగా అన్నిటికన్నా పెద్ద అనుమానం ఒకటి ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. ఆ కుర్రాడు పాటలో బైకు గురించి పాడతాడు, నల్లకళ్లద్దాల గురించి పాడతాడు. ఈవిడ బటన్ నొక్కి, "తడి తువ్వాలు తీసుకెళ్లి మంచం మీద పడేసేవాడివి, నువ్వు నాకు చెప్పొచ్చావురా?" అంటారు. "చెప్పు ఒకటి వీధిలో, ఒకటి పెరట్లో వదిలేవాడివి!" అంటారు. వాడి తువ్వాలు సంగతి ఈవిడకెలా తెలుసు? వాడి చెప్పుల సంగతి ఎవరు చెప్పారు? మాస్టారు క్యాసెట్ అట్ట లోపలా బయటా చదివారు. స్వామివారి శ్లోకం తప్ప ఏమీ లేదు.

ఇహ లాభం లేదని తనే పోట్లాటకి దిగారు. "కూరలో ఉప్పు లేదు" అన్నారు, ఉన్నా. "సరేనండి" అని ఆవిడ ఉప్పు వేశారు. ఆయన ఆ ఉప్పుకషాయం చచ్చినట్టు తిన్నారు. మర్నాడు అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు సాధన చేసి, వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఒక చెయ్యి గాల్లో ఊపుతూ అచ్చం సుడిగాలి ఫక్కీలో అన్నారు:

"నోరు మూయ్ దుర్గా! నా మాటే నీకు శాసనం!"

దుర్గాశ్రీ గారు గరిటె కింద పెట్టి, దగ్గరికొచ్చి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "ఒళ్లు కాస్త వెచ్చగానే ఉందండి. పడుకోండి, మిరియాల చారు పెడతాను."

వాణ్ణయితే కడిగి ఆరేసేది. తనకి మిరియాల చారు! మాస్టారి ఈర్ష్య ఆ చారుతో పొంగిపోయింది. ఆ సాయంత్రమే క్యాసెట్ తీసి లాల్చీ జేబులో వేసుకుని, స్కూల్లో సుద్దముక్కల డబ్బాలో పాతిపెట్టారు.

మర్నాడు పొయ్యి ముందు నిశ్శబ్దం. ఆవిడ ఇల్లంతా వెతికారు. మాస్టారు కూడా వెతికారు, అందరికన్నా ఎక్కువగా, మంచం కింద దూరి మరీ. దరువు లేక చెయ్యి ఆడలేదు. రేకులు చిరిగాయి, చిరగనివి మందమయ్యాయి. రెండో రోజూ అంతే. అచ్చాయమ్మ గారు వచ్చి ఉత్త టేప్ రికార్డరు కేసి చూసి, పీట చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఇంట్లో మాటలు పదకొండు నుంచి ఆరుకి దిగాయి.

మూడో రోజు మాస్టారి వల్ల కాలేదు. మధ్యాహ్నం భోజనానికి వస్తూ క్యాసెట్ జేబులో వేసుకుని, దొడ్డిదారిన చప్పుడు కాకుండా వచ్చారు. టేప్ రికార్డరు వెనక పడేసి, "ఇదిగో దొరికింది" అందామని. తడిక అవతల బేబి గొంతు వినిపించి ఆగిపోయారు.

"పాటగాడు పోతే పోయాడు లెండి అమ్మగారూ. ఆ తిట్లేవో మాస్టారినే తిట్టొచ్చు కదండి. ఆ తువ్వాలు, చెప్పులు, అయ్యన్నీ మాస్టారియ్యే కదండీ, ఆయ్!"

"అమ్మో, ఆయన్నా! ఊరుకోవే" అన్నారు దుర్గాశ్రీ గారు. "పెళ్లైన కొత్తలో ఓసారి అన్నాను. కావిడి తెచ్చినట్టు రెండు చేతులా పుచ్చు వంకాయలు తెచ్చారు. చూసి తీసుకోవచ్చు కదండీ అన్నాను, అంతే. రెండు రోజులు అన్నం ముట్టలేదు. స్కూల్లో ఏడో ఎక్కం తప్పు చెప్పారట. వంకాయల కోసం లెక్కల మాస్టారు ఎక్కం మర్చిపోతే నేనేం కావాలి? ఆయనకి మాట తగిలితే ముద్ద దిగదే. ఈ సుడిగాలి వెధవకయితే ఎన్నన్నా తగలవు. అందుకని ఆయన బాకీ కూడా వీడికే తీరుస్తున్నాను."

మాస్టారికి తువ్వాలు గుర్తొచ్చింది. చెప్పులు గుర్తొచ్చాయి. ఆ వెయ్యిన్నూట నలభై మాటల్లో సగానికి సగం తనవేనని, ఇన్నాళ్లూ వాడు ఊరికే మధ్యలో నిలబడ్డాడని తెలిసి, ఆనందంతో తడిక తోసుకుని లోపలికి వచ్చారు. క్యాసెట్ ముందుకి చాపారు.

"నేనే దాచాను."

దుర్గాశ్రీ గారి కళ్లు పెద్దవయ్యాయి. పెదవి కదిలింది. అలవాటు కొద్దీ "సరే..." అనబోయారు.

"సరేనండి అన్నావంటే ఊరుకోను! తిట్టు. నన్నే తిట్టు."

"అన్నం మానేస్తారు."

"బేబీ, కంచం పట్రా" అని మాస్టారు పీట లాక్కుని ఆవిడకెదురుగా కూర్చున్నారు. పప్పు కలిపి ముద్ద చేత్తో పట్టుకున్నారు. "ఊఁ, కానీ. నువ్వంటూ ఉండు, నేను తింటూ ఉంటాను."

"మూడు రోజుల నుంచి రేకులు చిరుగుతుంటే చూస్తూ కూర్చున్నారే, మీకు మనసెలా ఒప్పిందండీ!"

ముద్ద దిగింది.

"నాతోపాటు మంచం కింద దూరి వెతికారు! ఎంత నటన!"

రెండో ముద్దా దిగింది. దుర్గాశ్రీ గారు జాగ్రత్తగా ఆయన గొంతుకేసి చూసి, ధైర్యం తెచ్చుకుని, కొంగు బిగించి, తువ్వాలు దగ్గర మొదలుపెట్టారు. పద్దెనిమిదేళ్లవి ఉన్నాయి మరి. మాస్టారు పప్పు అయ్యాక చారు పోయించుకున్నారు.

ఈలోగా బేబి ఉండబట్టలేక క్యాసెట్ పెట్టి స్విచ్ వేసింది. దబదబమంటూ సుడిగాలి లేచాడు: "నోరు మూయ్ పిల్లా..."

దుర్గాశ్రీ గారు అటు చూడనైనా చూడకుండా మోచేత్తో బటన్ నొక్కేశారు.

"నువ్వుండరా కాసేపు. మా ఆయనతో మాట్లాడుతున్నాను."

ఆ మాట విని మాస్టారు మారన్నం పెట్టమన్నారు.