కోత పండుగలో ఎవరూ పాడుకోని కానుక

సమస్త ప్రాణులకూ ఊపిరి పోసి, కాకి పిల్లలు అరిస్తే వాటికీ ఆహారం పంపించే దేవునికి స్తోత్రం. పిచ్చుక నేల రాలినా మరచిపోని తండ్రికి స్తోత్రం. తాను చేసినవాటిని మనం ఎలా వాడుకుంటున్నామో చూస్తూ కూడా ఇంకా మన పొలాల మీద వాన కురిపిస్తున్నందుకు మరీ స్తోత్రం. ఈ మాట ముందు చెప్పుకోకపోతే మిగతాది రాయలేను. ఇక రాయబోయేదంతా రోత కలిగించే సంగతి.

తొంభైల మొదట్లో మేము తెనాలిలో ఉండేవాళ్ళం. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా వారు రైల్వేలో గుమాస్తా. బాపట్లలో ఒక సిస్టరు గారు ఉండేవారు. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. జనం వదిలేసిన కుక్కల్ని తెచ్చి, వాటి పుండ్లు మాన్పి, నమ్మకమైన ఇల్లు దొరికేదాకా తన పెరట్లో ఉంచుకునేవారు. ఊళ్ళో ఆవిణ్ణి కుక్కల సిస్టరు అనేవాళ్ళు. ఒకసారి చర్చిలో స్త్రీల ప్రార్థన కూటం ముగిశాక ఆవిడ నన్ను పక్కకు పిలిచి, తన దగ్గర చిన్న జాతి కుక్క ఒకటుందని, పిల్ల కాదని, వయసు వచ్చినదని, మా ఇంట్లో చోటిస్తారా అని అడిగారు. క్యాలెండర్ల మీద ఉండే తెల్లటి బొచ్చుకుక్కని తలుచుకుని నేను సంతోషంగా బాపట్ల వెళ్ళాను.

పెరట్లో అడుగుపెట్టగానే ఫినాయిలు వాసన, దాని కింద ఇంకేదో కుళ్ళు వాసన. నాకు చూపించిన కుక్కకి బొచ్చు చాలావరకు ఊడిపోయింది. ఎర్రటి చర్మం మీద పక్కులు. చెవుల లోపల శనగల్లా ఉబ్బిన పిడుదులు. కన్న కాన్పులన్నిటికీ గుర్తుగా పొట్ట కింద రొమ్ములు సాగి వేలాడుతున్నాయి. నోరు తెరిస్తే పుచ్చిన పళ్ళ కంపు. పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. సిస్టరు గారు అది చూశారు. దాని వీపుకి వేపనూనె రాస్తూ అది తన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పారు.

రేపల్లెలో కోత పండుగకి ఆవిడ అతిథిగా వెళ్ళారట. ఆ పండుగ తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆరాధన అయ్యాక, విశ్వాసులు తెచ్చిన కానుకల్ని గుడి ఆవరణలోనే వేలం పాట పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, కొత్త ధాన్యం. పాడుకున్నవాళ్ళు ఆ వస్తువుని మళ్ళీ గుడికే ఇచ్చేస్తే మళ్ళీ పాట. ఒక్కొక్కప్పుడు ఒక కోడిగుడ్డే మధ్యాహ్నమంతా చేతులు మారుతూ ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన పండుగ అది. ఆ ఏడు అక్కడ గుమ్మడికాయల పక్కన, కోళ్ళ మధ్య, ఈ కుక్కని కట్టేసి ఉంచారట. తెచ్చినాయన ఆ చర్చి సంఘపెద్ద. అది పిల్లల్ని పెట్టినన్నాళ్ళూ ఊళ్ళో గొప్ప ఇళ్ళన్నిటికీ ఆయన ఇంటి నుంచే కుక్కపిల్లలు వెళ్ళాయి. ఆఖరి ఈతలో పిల్లలన్నీ చచ్చి పుట్టాయి. ఆ తర్వాత దానికి చూలు నిలవలేదు. అప్పుడు ఆయన దాన్ని దేవునికిచ్చాడు.

పాట పెట్టేవాడు దాన్ని మెడ పట్టి పైకెత్తి చూపించాడట. ఎవరూ పాడలేదు. దీన్ని పాడుకుంటే గుమ్మడికాయ కూడా ఇస్తామని వాడంటే, కుక్కని మీరుంచుకుని గుమ్మడికాయ మాకివ్వండని వెనకనుంచి ఎవరో అన్నారట. ఆవరణంతా నవ్వులు. పొద్దు వాలాక చూస్తే కోళ్ళు, కాయలు అన్నీ వెళ్ళిపోయాయి. కుక్క ఒక్కటే మిగిలింది. సిస్టరు గారు తాడు విప్పి తనతో తీసుకొచ్చేశారు.

వింటుంటే నా అసహ్యం కుక్క మీదనుంచి ఆ మనిషి మీదికి మళ్ళింది. కుంటి పశువునీ గుడ్డి పశువునీ బలిపీఠానికి తెచ్చినవాళ్ళని, దాన్ని మీ అధికారికిచ్చి చూడండి, తీసుకుంటాడేమో అని బైబిల్లో ప్రవక్త నిలదీశాడు. గుడికిచ్చే గుమ్మడికాయనైనా పుచ్చు లేకుండా ఏరి తెస్తాం. తనకి పనికిరానిదాన్ని వదిలించుకుని దానికి కానుకని పేరు పెట్టడానికి ఆయనకి నోరెలా వచ్చిందో.

సిస్టరు గారు ఒక షరతు పెట్టారు. "ఇంకో ఇల్లు మారితే ఇది బతకదండి. ఇక్కడికొచ్చిన కొత్తలో అన్నం ముట్టలేదు, దూదితో పాలు పట్టాను. ఉంచుకోలేకపోతే నాకే తిరిగివ్వండి. ఇంకెవరడిగినా ఇవ్వకండి, ఎంత పెద్దవాళ్ళైనా సరే." నేను మాటిచ్చాను. అయినా ఆవిడ స్వయంగా తెనాలి వచ్చి మా గేటూ, మురుగుకాలవా చూసుకున్నారు. కాలితో తన్నే అలవాటేమైనా ఉందా అని మా వారినే అడిగారు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నిన్ని అడగలేదే అని ఆయన తర్వాత గొణుక్కున్నారు.

పాసింజరు బండిలో బుట్టలో పెట్టుకుని తెచ్చాను. నిడుబ్రోలు దాటాక నా ఒళ్ళో కక్కుకుంది. ఎదురుగా కూర్చున్నావిడ కాళ్ళు పైకి ముడుచుకుంది. ఇంటికొచ్చాక పిడుదులు పీకి కిరసనాయిలు గిన్నెలో వెయ్యడం, పక్కులు కడగడం, గచ్చు మీద పోసిన ఉచ్చ తుడవడం. అన్నం తినేటప్పుడు నా వేళ్ళు నాకే కంపు కొట్టేవి. అప్పటికి ప్రేమలాంటిదేమీ లేదు. ఇచ్చిన మాట ఒకటే ఉంది.

కొన్ని నెలలకి బొచ్చు మొలిచింది. తిండి తినసాగింది. ఒక్క సంగతి మాత్రం వింతగా ఉండేది. సాయంత్రం కుటుంబ ప్రార్థనకి నేను చాప పరవగానే అది లేచి, బియ్యం డ్రమ్ము వెనక మూలకి పోయి, గోడ వైపు తిరిగి ముడుచుకుని పడుకునేది. ఆమేన్ అని చాప చుట్టేదాకా కదిలేది కాదు. మనకంటే దీనికే నిష్ఠ ఎక్కువ అనేవారు మా వారు. ఇరుగుపొరుగు చూశారు. కూటాల్లో సాక్ష్యంలా చెప్పుకున్నారు. తెనాలిలో ప్రార్థన చేసే కుక్క ఉందన్న మాట రైలెక్కి రేపల్లె దాకా పోయింది.

ఆ మాట విని ఆ సంఘపెద్ద ఒక సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చాడు. ఇస్త్రీ పంచె, చంకలో జిప్పు కవరు వేసిన గ్రంథం, వందనాలమ్మా అంటూ చల్లని పలకరింపు. కుక్క మొరగలేదు. నేలకి అతుక్కుపోయింది. దాని పొట్ట కిందనుంచి తడి పాకి ఆయన చెప్పుల దాకా వచ్చింది. ఆయన కాళ్ళు ఎత్తుకుని కుర్చీలో సర్దుకున్నాడు.

"మా కుక్కేనమ్మా ఇది. బాగా తేరుకుంది," అన్నాడు. "అప్పుడెవరూ పాడలేదు గానీ ఇప్పుడైతే పోటీలు పడి పాడతారు. వచ్చే కోత పండక్కి మళ్ళీ పెడదాం. దేవుడికిచ్చింది దేవుడికే చెందాలి కదా. ప్రార్థన చేసే కుక్కంటే ఒకసారి పాటతో ఆగదు."

మీ ఇంట్లో కూడా ప్రార్థన వేళ ఇలా మూలకి పోయేదా అని అడిగాను.

"మరి నేర్పిందెవరనుకున్నావు? ప్రార్థన వేళ కుక్క ఎదురుగా ఉంటే అపవిత్రం కదా. చాప పరవగానే కోళ్ళ గంప కింద పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టేవాళ్ళం. మొదట్లో అరిచేది, నాలుగు తగిలించాం. తర్వాత చాప చూస్తే చాలు, దానంతటదే పోయేది. దీనికున్న భయభక్తులు మా పిల్లలకి లేవమ్మా."

మా వారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. నాకు ఆ గదిలో గాలి కూడా పాడైనట్టనిపించింది. మేమంతా నిష్ఠ అనుకుని మురిసిపోయింది ఇదా. కుక్క విలువని, అంటే కుక్కనమ్మిన సొమ్ముని, దేవుని మందిరంలోకి తేకూడదని ధర్మశాస్త్రంలో లేదా బాబాయి గారూ అని అడిగాను.

"అది పాత నిబంధనమ్మా. మనం ఇప్పుడు కృప కింద ఉన్నాం."

"మనం కృప కింద, అది గంప కిందనా అండి?" అన్నారు మా వారు.

ఆయన నవ్వేశాడు. మా పాస్టరు అయ్యగారితో చెప్పించి, కుక్క కోసం మనిషిని పంపుతానన్నాడు. తర్వాత పంచె సర్దుకుని, చాప వెయ్యమ్మా, ప్రార్థన చేసుకుని వెళతానన్నాడు. ఇంటికొచ్చిన పెద్దలు ప్రార్థన చేయకుండా గుమ్మం దాటడం మా వాళ్ళలో లేదు. అలవాటు కొద్దీ నా చెయ్యి గోడకి ఆనించిన చాప మీదికి పోయింది. కుక్క అప్పటికే లేచి మూల వైపు బయలుదేరింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "మీ ఎదుట మా ఇంట్లో చాప పరవనండి. కుక్కని కూడా ఇవ్వను. మీరింక వెళ్ళండి," అన్నాను.

ఆయన ముఖం నల్లబడింది. ప్రార్థన వద్దన్న ఇల్లని ఆయన రేపల్లెలో చెప్పాడు, బాపట్ల దాకా అదే మాట పాకింది. మా అయ్యగారు నన్ను పిలిపించి అడిగారు. గంప సంగతి చెబితే తల వంచుకుని, ఇంక ఇంటికి వెళ్ళమన్నారు. కుక్క కోసం ఎవరూ రాలేదు. తెనాలి కూటాల్లో మాత్రం చాలాకాలం నన్ను ప్రార్థన చేయమని పిలవలేదు. సిస్టరు గారు ఆ కబురు విని, వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుని వెళ్ళారు.

ఆనాటినుంచి మా ఇంట్లో చాప పరవలేదు. ఉత్త గచ్చు మీదే మోకరించేవాళ్ళం. చాప లేకపోయేసరికి ప్రార్థన మొదలైందని దానికి తెలిసేది కాదు. ఎక్కడ పడుకుంటే అక్కడే ఉండేది. ఒకనాడు కీర్తన మధ్యలో లేచొచ్చి నా మడమల మీద గడ్డం ఆనించింది. పళ్ళ కంపు అలాగే ఉంది. నేను కదల్లేదు.

ఆ పెద్దమనిషి మీద నాకు రోత ఇప్పటికీ పోలేదు. క్షమించమని వాక్యం చెబుతోంది, తెలుసు. నా వల్ల కావడం లేదు. అందుకే చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను, కూర్చున్న చోటే నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, మాకు పనికిరానిదాన్ని నీ ముందుకు తెచ్చే చేతుల్ని ఆపు. నీ పేరు చెప్పి మేము భయపెట్టినవాటిని నీ దగ్గరికి నువ్వే పిలుచుకో. నా గుండెలో ఉన్న ఈ చేదుని నువ్వే తీసెయ్యి. ఆమేన్ అనండి. చాప అక్కర్లేదు.