గడియ లేని తలుపులు

నేను పనిచేసే నీళ్ళ పార్కు చిత్తూరు నుంచి తిరుపతికి పోయే రోడ్డులో, పూతలపట్టు దాటాక ఉంది. అక్కడ ఆడవాళ్ళ వైపు సూపర్వైజర్ని. కొండ దిగి ఊళ్ళకు తిరిగిపోయే కుటుంబాలు చాలావరకు మా దగ్గర ఆగుతాయి. గుండ్లకు రాసిన గంధం ఆరకముందే పిల్లలు నీళ్ళలోకి దూకుతారు. సాయంత్రానికి కొలను నీళ్ళు పసుపు రంగుకు తిరిగి, ఫిల్టర్లు కడిగే మనిషి నోటికొచ్చినట్టు తిడుతుంటాడు. నాకు మాత్రం ఆ గోల ఇష్టం. జన్మలో ఈత ఎరగని ఆడవాళ్ళు, చుడీదార్లతోనో నైటీలతోనో, గట్టు కమ్మీ పట్టుకుని మొదటి అల తగలగానే చిన్నపిల్లల్లా కేకలు పెడతారు. ఆ కేక వినడానికైనా ఈ ఉద్యోగం చెయ్యొచ్చు అనిపిస్తుంది.

అంత సంతోషపడ్డ మనిషి బట్టలు మార్చుకోవడానికి వెళ్ళాల్సిన గదులే అప్పట్లో మా పార్కుకు తలవంపు. తలుపులు తడికి ఉబ్బిపోయాయి. గడియలు తుప్పుపట్టి ఒక్కొక్కటే ఊడిపోయాయి. లోపల ఒకరుంటే బయట ఇంకొకరు తలుపు లాగి పట్టుకోవాలి. తోడు లేనివాళ్ళు ఒక కాలు తలుపుకు తన్నిపెట్టి, ఒంటికాలి మీద చీర కట్టుకునేవాళ్ళు. నేను అడిగినప్పుడల్లా యజమాని "చేపిద్దాంలేమ్మా" అనేవాడు. చిత్తూరు వ్యాపారస్థుల కుటుంబం ఆయనది. చెడ్డవాడు కాదు. పండగలకు మాతోపాటే కింద కూర్చుని తినేవాడు. కానీ ఆ రోజుల్లో ఆయన చూపంతా సముద్రం అవతల ఉండేది.

ఒక మధ్యాహ్నం మమ్మల్ని ఆఫీసుకు పిలిచి బల్ల మీద పెద్ద డ్రాయింగులు పరిచాడు.

"మనం సముద్రం దాటుతా ఉండామమ్మా. కొలంబో తావ జాగా సూసినాం. ఆడ లేడీస్ పక్కంతా నువ్వే సూసుకోవల్ల" అన్నాడు.

నాకు సంతోషమే కలిగింది. ఎందుకు కలగదు? మా ఇంట్లో విమానం ఎక్కినవాళ్ళు లేరు. పాస్‌పోర్టుకు ఏమేం కావాలో అప్పుడే మనసులో వెతుక్కుంటున్నాను. ఈలోగా డ్రాయింగు వేసిన ఇంజనీరు ఒక మూల వేలు పెట్టి, అవి ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదులని చెప్పాడు. గదిగదికీ లోపల గడియ, కూర్చోడానికి అరుగు, సంచి తగిలించుకోడానికి కొక్కెం.

"సార్, వీటికి గడియలు ఉండాయే" అన్నాను.

"లేకుండా ఎట్లమ్మా? అది ఫారిన్ గదా. ఆడ రూల్సు ఉంటాయి."

"ఈడికొచ్చేవాళ్ళు ఆడోళ్ళు కాదా సార్?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "ముందు అది లేసి నిలబడనీ. ఆ లాభంతో దీన్ని బంగారం సేద్దాం. దేనికైనా రొంత ఓపిక ఉండల్ల" అన్నాడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు సార్ పెద్దోళ్ళు. ఈ తలుపులు బాగయ్యేదాకా నేను కొలంబోకు రాను."

నవ్వు ఆగిపోయింది. "నువ్వు గమ్మునుండు" అని ఆయన డ్రాయింగులు చుట్టేశాడు. పక్కనున్నవాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పలమనేరు వైపు నుంచి ఒక జంట పాపతో వచ్చింది. భర్త పాపను నీళ్ళలో ఆడిస్తుంటే, ఆమె ఒక్కతే బట్టలు మార్చుకోవడానికి వెళ్ళింది. కాలేజీ కుర్రవాళ్ళు కొందరు ఒకరినొకరు తోసుకుంటూ అటు పరుగెత్తారు. ఒకడు వెళ్ళి ఆ తలుపు మీద పడ్డాడు. తలుపు బార్లా తెరుచుకుంది. లోపలి నుంచి ఆమె అరిచిన అరుపు, బయట వాళ్ళ నవ్వు ఒక్కసారే వినిపించాయి. నేను పరుగెత్తి తలుపు లాగి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. ఆమె చాలాసేపటికి బయటికి వచ్చింది. తడిబట్టల మీదే పొడిచీర చుట్టుకుంది. కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

భర్త వచ్చి, "మే, లోపల రొంత జాగర్తగా ఉండకూడదా?" అని కసిరాడు.

"ఆయమ్మది తప్పు లేదప్పా. తప్పు మా తలుపుది" అన్నాను.

ఆమె నా ముఖం కూడా చూడలేదు. "ఇంగ మేము ఈడికి రామక్కా" అని పాపను చంకనేసుకుని వెళ్ళిపోయింది.

వారమంతా అడిగాను. వడ్రంగి రాలేదు. మళ్ళీ ఆదివారం పొద్దున గేటు తెరిచే వేళకు నేను టికెట్ కౌంటర్ పక్కన నిలబడ్డాను. నా కింద పనిచేసే ఆడవాళ్ళు కూడా చీపుర్లు పక్కనబెట్టి నా వెనకే వచ్చారు. కేకలు వేయలేదు. వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒకే మాట చెప్పాను: "అక్కా, బట్టలు మార్చుకునే గదులకు గడియలు లేవు. తెలుసుకోని టికెట్టు తీసుకోండి."

కొందరు లోపలికి పోయారు. చాలామంది ఆటోలు వెనక్కి తిప్పించారు. చిత్తూరు నుంచి ఇద్దరు కోడళ్ళను, మనవళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన ఒక ముస్లిం పెద్దావిడ మాత్రం కదలలేదు. "యా అల్లా! డబ్బులు తీసుకునేదానికి సిగ్గు లేదా వీళ్ళకి? గడియలు పెట్టేదాకా ఈడనే కూర్చుంటాం" అని గేటు మెట్ల మీదే క్యారియర్ విప్పింది. బిరియానీ వాసన కౌంటర్ దాకా వచ్చింది.

యజమాని కారు దిగుతూనే నా మీదికి వచ్చాడు. "ఏందమ్మా ఇది? నా ఉప్పు తిని నా వాకిట్లోనే గిరాకీని తిప్పి పంపిస్తా ఉండావా?"

"నేను అబద్ధమేమన్నా చెప్తా ఉంటే చెప్పండి సార్."

"రేపట్నించి పనికి రాబాకు."

"రేపటి సంగతి మీ ఇష్టం. ఈ పొద్దు మాత్రం ఈడనే ఉంటా. ఒక్క పని చేయండి సార్. మీ ఇంట్లో అమ్మగారిని పిలుచుకోని రండి. ఆ గదిలో చీర మార్చుకోమని చెప్పండి. బయట తలుపు పట్టుకునేదానికి ఎవురూ ఉండకూడదు. ఆయమ్మ సరేనంటే నేను ఇట్నే ఇంటికి పోతా."

ఆయన ముఖం ఎర్రబడింది. చెయ్యెత్తుతాడేమో అనుకున్నాను. అయినా పక్కకు జరగలేదు. అప్పుడు మెట్ల మీది పెద్దావిడ తలెత్తి, "మీరు యాడికన్నా పోయి కట్టుకోండి బాబూ. ఆడికి మేము వస్తామా? మాకుండేది ఇదొక్కటే గదా" అంది.

ఆయన ఎండలో నిలబడి, వెనక్కి తిరుగుతున్న ఆటోలను చూసి, ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాటాక పూతలపట్టు నుంచి వడ్రంగులు వచ్చారు. పొద్దు వాలేలోగా రెండు తలుపులు సరిగ్గా పడ్డాయి. పెద్దావిడ కోడళ్ళే ముందు వెళ్ళి గడియలు వేసుకున్నారు. మిగతావాటికి ఆ వారమంతా పట్టింది.

నన్ను పనిలోంచి తీసేయలేదు. చాలారోజులు పలకరించనూ లేదు. కొలంబోకు ఇంకొకరిని పంపారు. అక్కడ పార్కు తెరిచారు. బాగా నడుస్తోందట. ఆఫీసు గోడ మీద రంగుల ఫొటో పెట్టారు. నడవనీ. దాని మీద నాకు కుళ్ళు లేదు. దేశం దాటడం తప్పని నేను ఏనాడూ అనలేదు. ఇక్కడి ఆడవాళ్ళను ఒంటికాలి మీద నిలబెట్టి, ఆ డబ్బుతో దాటతామంటేనే ఒప్పుకోను. "ఫారిన్ ఛాన్సు చేతులారా పోగొట్టుకుంటివే" అని మా అక్క ఇప్పటికీ అంటుంది. పోతే పోనీ అంటాను. ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ అలాగే నిలబడతాను.

ఇప్పుడు పెద్ద స్లైడు ఎక్కడానికి నిలబడే వరుసకు నీడ లేదు. ఎండాకాలం సిమెంటు మీద పిల్లలు కాళ్ళు మార్చి మార్చి ఎగురుతుంటారు. పైన రేకులు వేయించమని యజమానిని అడిగితే, ఇంకో దేశంలో పార్కు మాటలు నడుస్తున్నాయి, అవి తెమలనీ అన్నాడు. పోయిన వారం ఆఫీసుకు వెళ్ళి, "ఆదివారం గేటు కాడ ఉంటాను సార్" అని చెప్పి వచ్చాను. ఆయన ఫోన్లోంచి తలెత్తి నన్ను చూశాడు. మా ఆడవాళ్ళకు ఆ రోజు గొడుగులు తెచ్చుకోమని చెప్పాను.