సావి పుట్టిన ఊరు

కోవిల్‌పట్టి నల్లసామిగారిని సావి అడిగితే సావి ఇవ్వరు, సావి చరిత్ర ఇస్తారు. తాళంచెవిని తమిళనాట ఆ వైపు తెలుగువాళ్ళూ సావి అనే అంటారు.

పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరు ఏ మాటన్నా దాని తాతముత్తాతలను తవ్వుతారు. అందులోనూ సావి అంటే ప్రాణం. ఆయన రోమాపురిలో మొదలుపెట్టగానే భార్య మాయక్కాళ్ బియ్యం పొయ్యి మీద పెడుతుంది. ఆ మాట ఓడెక్కి తూత్తుకుడి చేరేసరికి అన్నం ఉడికిపోతుంది.

మొన్నొక ఆదివారం ఇద్దరూ విరుదునగర్‌లో మాయక్కాళ్ చెల్లెలింటికి వెళ్ళారు. చెల్లెలి కూతురు సెల్వరాణికి నెలలు నిండాయి. చీర మార్చుకోవడానికి గొళ్ళెం లేని గదిలోకి వెళ్ళి లోపలినుంచి తాళం వేసుకుంది. తీయబోతే సావి విరిగి, సగం తాళంలోనే ఉండిపోయింది. మూసిన గదంటే ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ హడలు.

"పెద్దమ్మా, ఊపిరి ఆడలేదే!" కిటికీ ఊచలు పట్టుకుని మొత్తుకుంది.

తాళాలు బాగుచేసే మనిషికి ఫోన్ చేశారు. దారిలో ఉన్నానన్నాడు. మాయక్కాళ్‌కు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నల్లసామిగారు మాత్రం కుర్చీ లాక్కుని కిటికీ ముందు కూర్చున్నారు.

"రాణీ, నీ చేతిలో ఉండేదాని పేరేమి?"

"సావి, పెదనాయనా! సగం సావి!"

"అది రోమాపురిలో క్లావిస్."

"అయ్యో, ఇప్పుడా? నోరు మూసుకుని సుమ్మా ఉండండి!" మాయక్కాళ్ తల బాదుకుంది.

"ఇటలీవాళ్ళు దాన్ని కియావే చేసిరి. స్పెయిన్‌వాళ్ళు యావే అనిరి. ఫ్రాన్సువాళ్ళు తోక మింగి క్లే అనిరి."

"ఎవురెట్లా పిలిస్తే నాకేమి! తలుపు తెరవండి!"

"వస్తా ఉండాను. పోర్చుగల్‌వాళ్ళు షావి అని ఓడలో ఎక్కించిరి..."

"ఆ ఓడ మునిగిపోనీ!"

"మునిగుంటే నీకు సావే లేదు గదా?"

"ఉండబట్టే గదా ఇట్లా లోపల చిక్కి మాటుకున్నాను!"

సెల్వరాణి గట్టిగా అరిచి, తన మాటకు తనే ఫక్కున నవ్వేసింది. పోర్చుగల్‌వాళ్ళను ఇంకా తిడుతూ ఉండగానే తాళాల మనిషి వచ్చి తలుపు ఊడదీశాడు.

తిరుగు బస్సులో మాయక్కాళ్ మొహం ముడుచుకుంది.

"బిడ్డ అల్లాడతా ఉంటే పాఠం చెప్పేదా? మనసుండాదా మీకు?"

"దానికి గాలి లోపలికి పోలేదే. నన్ను తిట్టాలంటే ఊపిరి పీల్చాల్సిందే గదా? నా పాఠానికి కోపం రానిదెవురికి, చెప్పు!"

మాయక్కాళ్ అప్పుడు చూసింది. ఆయన చొక్కా చెమటతో ముద్దయింది.

ఆమె కొంగుతో ఆయన మొహం తుడిచి, గాలి తగిలేలా కిటికీ అద్దం జరిపింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ చేయని సాహసం చేసింది.

"ఏమండి, ఈ కిటికీని జన్నల్ అంటామే, ఆ మాట ఏ ఊరిది?"

నల్లసామిగారి మొహం వెలిగిపోయింది. ముందు సీట్లో మనిషి లేచి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.