అంబాసిడర్‌లో మాయమైన రోటర్

మా పాత అంబాసిడర్‌ను కొనడానికి ఈ రోజు గిద్దలూరు నుంచి ఒకాయన వచ్చాడు. నిన్న సాయంత్రం తాళం తిప్పగానే స్టార్టయిన బండి, ఆయన ముందు ఎంత తిప్పినా కదల్లేదు. మెకానిక్ ఖాదర్ ప్లగ్ వైరు తీసి చూసి, "స్పార్కే లేదన్నా" అన్నాడు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే, లోపల తిరుగుతూ ప్లగ్గులకు కరెంటు పంచే చిన్న రోటర్ లేదు.

రాత్రి గేటుకు తాళం వేసింది నేనే. మొదట ఖాదర్‌ను అనుమానించాను. తర్వాత బేరం కోసం కొనేవాడే తీశాడేమో అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. మా చిన్నాయన ఈ బండిలో శ్రీశైలం యాత్రికులను తిప్పిన రోజుల్లో, దోర్నాలలో పడుకునే ముందు, ఎవరూ బండి ఎత్తుకుపోకుండా రోటర్ తీసి దగ్గర పెట్టుకునేవాడు.

వసారాలో కూర్చున్న ఆయన దగ్గరికెళ్లి, "చిన్నాయనా, రోటర్ ఏడ పెట్టినావు?" అన్నాను.

"నాకేం తెల్సురా? పేపరోనివి గదా, నువ్వే కనుక్కో," అన్నాడు, చొక్కా జేబు మీంచి చెయ్యి తీయకుండా.

"ఈ పార్టు ఇప్పుడు దొరకదన్నా," అని చెప్పి గిద్దలూరు ఆయన్ని పంపేశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బండి స్టార్టయి ఉంది. చిన్నాయన స్టీరింగు ముందు కూర్చుని హారన్ కొడుతున్నాడు.

ఆధారం కళ్లముందు జేబులో ఉన్నా కేసు మూసేసిన విలేకరిని మీరేమంటారో చెప్పండి.